జిల్లా మారిన గార్ల

2016 అక్టోబర్ 11న, దసరా నాడు, తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చాయి. ఖమ్మంతో గార్ల బంధం ఆ రోజుతో తెగిపోయిందని బాధపడటంలో అర్థముంది. అయినా ఆ మార్పును తెగతెంపులుగా చూడటం పొరపాటని నా అభిప్రాయం. ఖమ్మం జిల్లాయే 1953 అక్టోబర్ 1న వరంగల్ నుంచి విడిపోయి పుట్టింది. అంతకుముందు ఈ నేలంతా వరంగల్ కిందిదే. ఇంకా వెనక్కి పోతే, పక్కనే ఉన్న బయ్యారం చెరువును కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తల్లి పేరున తవ్వించింది. ఓరుగల్లు రాజుల వంశావళి చెప్పే ముఖ్య శాసనాల్లో ఒకటి ఆ చెరువు దగ్గరిదే. అంటే పాత వరంగల్ జిల్లాలోనిదే అయిన మానుకోట (మహబూబాబాద్) వైపు గార్ల చూపు 2016లో కొత్తగా పుట్టింది కాదు.

ఊరి జీవితాన్ని జిల్లా హద్దు కన్నా బలంగా మలిచింది రైలు. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాక, 1880ల చివరికి నిజాం రైల్వే వరంగల్ మీదుగా బెజవాడ దాకా సాగింది. డోర్నకల్ దగ్గర చీలి బొగ్గు గనుల వైపు మరో లైను పోయింది. ఆ బెజవాడ లైనులోనే మహబూబాబాద్ దాటాక గుండ్రాతిమడుగు, గార్ల, డోర్నకల్, ఆ తర్వాత ఖమ్మం వస్తాయి. పాత జిల్లాల లెక్కన గుండ్రాతిమడుగు వరంగల్‌ది, గార్ల ఖమ్మంది, డోర్నకల్ మళ్లీ వరంగల్‌ది. గార్లలో ప్యాసింజర్ బండి ఎక్కి సొంత జిల్లా కేంద్రానికి బయల్దేరిన మనిషి మధ్యలో పక్క జిల్లా నేల మీదుగా పోవలసి వచ్చేది. పట్టాలు ముందు పడ్డాయి, 1953 హద్దు తర్వాత వచ్చింది. ఆ వంకర గీతను 63 ఏళ్లు భరించారు.

అరవై మూడేళ్లు తక్కువ కాలమా అని అడగవచ్చు. కాదు. రెండు తరాల వాళ్ల భూముల కాగితాలు, కోర్టు కేసులు, ఉద్యోగాల లోకల్ లెక్కలు ఖమ్మం పేరు మీదే నడిచాయి. ఆ రోజుల రాజకీయం, ఉద్యమాల జ్ఞాపకం కూడా ఆ జిల్లాతోనే ముడిపడి ఉంది. ఆ బంధాన్ని కొట్టిపారేయకూడదు. అయితే పాలనలోనూ అది ఒక్కసారిగా తెగలేదు. 2008 పునర్విభజనలో ఏర్పడిన మహబూబాబాద్ లోక్‌సభ స్థానంలో, గార్ల ఉన్న ఇల్లందు సెగ్మెంట్‌ను కలిపారు. దాంతో 2009 ఎన్నికల్లోనే, జిల్లా మారడానికి ఏడేళ్ల ముందే, గార్ల ఓటర్లు మహబూబాబాద్ ఎంపీని ఎన్నుకున్నారు. అసెంబ్లీకి మాత్రం గార్ల ఇప్పటికీ ఇల్లందు నియోజకవర్గమే. ఆ నియోజకవర్గంలో గార్ల, బయ్యారం మహబూబాబాద్ జిల్లావి, కామేపల్లి ఖమ్మంది, ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెం జిల్లావి. ఒకే ఎమ్మెల్యే, ముగ్గురు కలెక్టర్లు!

ఇంతగా కలగలిసిపోయినప్పుడు జిల్లా ఏదైతేనేం అనే మాటతో నేను ఏకీభవించను. కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాల్సిన కూలీకి అది ఒక రోజు కూలి, చార్జీల ప్రశ్న. పని ఒక్క రోజులో తెమలకపోతే ఆ ఖర్చు రెట్టింపు. హద్దు గీసేవారు ముందుగా చూడవలసింది ఆ మనిషి దారి. ఖమ్మం కన్నా మహబూబాబాదే దగ్గర కాబట్టి, ఆ లెక్కలో 2016 నిర్ణయం గార్లకు సబబైనదే. ఇక మిగిలింది కాగితాల సంగతి. గార్ల చరిత్ర రాయబోయేవారు 1953కు ముందరి రికార్డును వరంగల్ పేరు కింద, తర్వాతి 63 ఏళ్లదాన్ని ఖమ్మం పేరు కింద వెతకాలి. మహబూబాబాద్ ఫైళ్లతోనే మొదలుపెడితే ఊరి వయసు 2016 దగ్గరే ఆగిపోతుంది.