మౌలాలి గుట్టకు సాయంకాలపు నడక

సాయంకాలము నలుగురూ కలిసి ఊరి వెలుపలి గుట్టకు కాలినడకను పోయివచ్చుట ఈ కాలపు వేడుక యని మనలో పలువురు తలంతురు. వైద్యులు నడవుమనుచున్నారు, ఆదివారము వచ్చినదనిన జట్లు జట్లుగా జనము బయలుదేరుచున్నారు. కనుక ఈ యలవాటు నిన్న మొన్న పుట్టినట్లే తోచును. హైదరాబాదు విషయమున మాత్రము ఇది నిజము కాదు. సికింద్రాబాదు దాటి ఈశాన్యముగా పోయినచో మౌలాలి యను గుట్ట యొకటి కలదు. జనులు గుంపులు గట్టి ఆ గుట్టకు పోవుట 1578వ సంవత్సరమున ప్రారంభమయ్యెనని పరంపర చెప్పుచున్నది. చార్మినారుతో హైదరాబాదు నగరము వెలసినది 1591లో. అనగా, నగరము కంటె నగరవాసుల నడకయే పదమూడేండ్లు పెద్దది!

అప్పటికి రాజధాని గోలకొండ. ఏలిక ఇబ్రహీం కుతుబ్‌షా. తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకొన్న ప్రభువు ఇతడే. సింహాసనమెక్కుటకు ముందు ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయములో గడపి, తెలుగు రుచి మరగి వచ్చినవాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చెను. మూసీనదిపై మొదటి వంతెనయైన పురానాపూల్ నిర్మాణము పూర్తియైనది కూడ 1578లోనే.

ఈ సుల్తాను కొలువులో యాకూత్ అను కంచుకి యొకడుండెను. అతడు జబ్బుపడి, మార్పు కొరకై లాలాగూడ గ్రామమున విశ్రాంతి తీసికొనుచుండెనట. లాలాగూడ యనిన నేడు మనకు రైల్వే కర్మాగారము గుర్తు వచ్చును గాని, ఆనాడది పొలముల నడుమనున్న చిన్న పల్లె. ఒకరాత్రి ఆకుపచ్చని వస్త్రములు ధరించిన అరబ్బు ఒకడు అతనికి కలలో కనబడి, మౌలా అలీ నిన్ను పిలుచుచున్నారు, రమ్మని వెంటబెట్టుకొని పోయెను. గుట్టపైన హజ్రత్ అలీ కూర్చుండి, కుడిచేతిని ఒక బండపై ఆనించి యుండెను. యాకూత్ నోరు తెరచి ఒక్కమాట పలుకక మునుపే మెలకువ వచ్చెను. తెల్లవారిన తరువాత అతడు ఆ గుట్ట యెక్కి చూడగా, బండమీద హస్తముద్ర కనబడినది. ఆ ముద్రయున్న శిలను తొలిపించి, అక్కడనే కట్టించిన కమానులో నిలిపిరి. ఇది రజబు నెల పదునేడవ తేదీన జరిగినదందురు.

కలను గూర్చి చరిత్రకారుడు వాదింపరాదని నా యభిప్రాయము. అది నమ్మువారి సొత్తు. ఆ కల తరువాత జనులు ఏమి చేసిరన్నదే మనకు కావలసిన చరిత్ర. వారు నడచిరి. మొదట గోలకొండ నుండి నడచిరి. నగరము వెలసిన తరువాత మూసీకి దక్షిణపు గట్టునుండి నది దాటి నడచిరి. కుతుబ్‌షాహీ ప్రభువులు షియాలు గనుక అలీపై వారికి భక్తి మెండు, ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యమంతయు ఆ తరువాతిదే. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. అటుపిమ్మట 1724 నుండి వచ్చిన ఆసఫ్‌జాహీలు సున్నీలు. అయినను యాత్ర ఆగలేదు సరికదా, 1762 మొదలు 1803 వరకు ఏలిన నిజాం అలీఖాను కాలమున అది రాజ్యమంతటికి పెద్దపండుగ యయ్యెను. అలీ పుట్టినదినమైన రజబు పదమూడవ తేదీ మొదలు, యాకూత్ కలగన్న పదునేడవ తేదీ వరకు, రాజకుటుంబము ఏనుగులతో, గుడారములతో గుట్టక్రింద విడిది చేయుచుండెను. ప్రభువులు కదలినపుడు ఊరు కదలదా? మిఠాయివారు, గాజులవారు, పాటకత్తెలు, మ్రొక్కుబడులు గల హిందువులు, ముస్లిములు అందరును ఆ దారినే పట్టిరి. మన పల్లెలవారు 'మౌలా అలీ' యను రెండు మాటలను కలిపి 'మౌలాలి' యని ఒక్కమాట చేసికొనుట ఆ రాకపోకల ఫలమే. పారసీకములో దీనికి కోహె మౌలా అలీ యని పేరు. కోహ్ అనగా కొండ. తెలంగాణమువారికి ఇది గుట్ట. గుట్ట యనుటయే నాకు సరిగా నున్నది.

గుట్ట యంతయు ఒకే ముద్దగా కనబడు రాయి. బోడితల వంటి ఆ నున్నని బండను చూచి పిల్లలు దీనిని ఎవరు చెక్కిరని అడుగుదురు. జవాబు చెప్పుట కష్టము కాదు. మన హైదరాబాదు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి లోతులలో కరిగిన పదార్థము మెల్లమెల్లగా చల్లారుటచే ఏర్పడినవి. పైనున్న భారము అరిగి తొలగినకొలది రాయి పగుళ్లు బారెను. ఆ పగుళ్లలో నీరు దిగి అంచులను, మూలలను తినివేసెను. పలకలుగా నున్న రాళ్లు గుండ్లుగా మారినవి. నడుమనున్న మన్ను వానలకు కొట్టుకొనిపోయినది. గుండుమీద గుండు నిలిచినది. దొంతరగా పేర్చిన కుండలవలె నిలిచిన ఆ గుండ్లను ఎవరును పేర్చలేదు. క్రింది మన్ను జారిపోయినకొలది అవి ఒకదానిపై నొకటి చేరి కూర్చున్నవి, అంతే.

ఈ గుట్ట చుట్టుపట్ల మనుష్యసంచారము కుతుబ్‌షాహీలతో మొదలు కాలేదు. ఇనుము వాడుక నేర్చిన తొలినాళ్ల ప్రజల సమాధులు మౌలాలి ప్రాంతమున త్రవ్వకములలో బయల్పడినవి. పెద్దరాళ్లను వలయముగా పాతి, నడుమ చచ్చినవారిని కుండలతో, ఇనుప పనిముట్లతో సహా పూడ్చిన సమాధులవి. పల్లెలలో ఇటువంటి వానిని రాక్షసగుళ్లందురు. యాకూత్ గుట్ట యెక్కిననాటికి వాటి వయస్సు రెండువేల యేండ్లకు తక్కువ కాదు.

ఇక గుట్టక్రింద నున్న ఒక తోటను గూర్చి చెప్పక తప్పదు. నా మట్టుకు, మెట్లెక్కి యెక్కి అలసినను అలయకున్నను, ఆ తోట చూడనిదే మౌలాలి చూచినట్లు కాదు. అది మహలఖాబాయి చందా సమాధి. ఆమె 1768లో జన్మించినది. తల్లి రాజ్ కన్వర్ ఆమెను కడుపున మోయుచు, ఆరవ మాసమున, ఆస్థాన చిత్రకారుడును చరిత్రకారుడునైన తజల్లీ అలీషాతో కూడిన బృందముతో మౌలాలికి వచ్చెనట. అక్కడ ఆమెకు గర్భస్రావ సూచనలు కనబడగా, తజల్లీ అలీషా పరుగున గుట్టపైకి పోయి, దర్గానుండి పవిత్రమైన దారమును, ధూపమును తెచ్చి యిచ్చెననియు, ఆమె తేరుకొనెననియు చెప్పుదురు. ఆ బిడ్డ పెరిగి పెద్దదై సంగీత నృత్యములలో మేటియై, ఉర్దూలో గజళ్లు వ్రాసి, గుఱ్ఱపుస్వారి నేర్చి, నిజాం అలీఖానుతో మూడు యుద్ధయాత్రలకు వెళ్లినది. మహలఖా యనిన చంద్రముఖి యని యర్థము. అది ఆమె బిరుదము. దివాను సంకలనము చేసిన మొదటి ఉర్దూ కవయిత్రి ఆమెయే యని చాలకాలము వ్రాయుచుండిరి. తరువాత లుత్ఫున్నిసా ఇంతియాజు దివాను ఒక యేడు ముందరిదని తేలినది. మొదటిదైన నేమి, రెండవదైన నేమి! ఇరువురును దక్కనువారే.

1792లో మహలఖా తన తల్లికి మౌలాలి గుట్ట పాదమున సమాధి కట్టించి, చుట్టును తోట వేయించినది. 1824లో తానును తల్లి ప్రక్కనే చేరినది. తనకు ప్రాణభిక్ష పెట్టినదని తల్లి నమ్మిన గుట్ట నీడను వదలి మరియొక చోటు ఆమె కోరలేదు. ఆ కట్టడము చాలకాలము చెట్లు మొలచి, చెత్త నిండి, పలుకరించువారు లేక పడియుండెను. 2010లో మరమ్మతులు మొదలుపెట్టి, 2011లో తిరిగి తెరచిరి.

నేను తొలిసారి ఈ గుట్ట యెక్కినది పినతండ్రిగారి వ్రేలు పట్టుకొని. ఆయన ఏ చరిత్రయు చెప్పలేదు. 'లెక్కపెట్టుకొంటూ ఎక్కు, అలుపు తెలియదు' అని మాత్రము అన్నారు. నేను మూడువందలు దాటిన తరువాత లెక్క తప్పితిని. మెట్లు 484 అని పిమ్మట చదివితిని. ఆనాడు దారిప్రక్క తల్లీబిడ్డలవలె ఒకదాని నొకటి ఆనుకొని నిలిచిన రెండు గుండ్లుండెను. వాని నీడను కూర్చుండి మేము అటుకులు తింటిమి. చాలయేండ్లకు నా పిల్లలకు చూపవలెనని పోయి వెదకగా అక్కడ గుండ్లు లేవు. కంకర కుప్పలు, పునాదిగుంట కనబడినవి. పిల్లలు 'ఎక్కడ నాన్నా?' అని అడిగినపుడు చూపుటకు నాకు నేల మాత్రమే మిగిలినది.

ఇట్టి నష్టము నా యొక్కనిది కాదు. నగరము పెరిగినకొలది రాయి పగులును. ఇంటికి రాయి కావలెను, రోడ్డుకు కంకర కావలెను. అది తప్పని నేననను. కాని సున్నము, ఇటుక కలిపి కట్టినది కూలిన మరల కట్టవచ్చును. 250 కోట్ల యేండ్ల గుండును పగులగొట్టిన తరువాత ఏ మేస్త్రీ నిలుపగలడు? ఈ మాటను గట్టిగా చెప్పుటకు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంఘమేర్పడినది. వారు ఎన్నుకొన్న ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. ఉపన్యాసములతో సరిపెట్టక, జనులను జట్టుగా శిలల నడుమ నడిపించిరి. కంటితో చూచి, కాలితో తొక్కినవానికే రాయిపై మమకారము పుట్టును గదా. వారి వంటివారి పట్టుదలచేత, చారిత్రక కట్టడములకై 1995లో చేసిన నగరాభివృద్ధి నిబంధన క్రిందికి కొన్ని శిలాసమూహములు కూడ చేరినవి. ఆ నిబంధన 2015లో రద్దయినది. 2017లో తెలంగాణమునకు ప్రత్యేకముగా వారసత్వ చట్టము వచ్చినది. చట్టము మాట చట్టము చూచుకొనును. నడచువారు లేని గుట్ట మాత్రము ఎవరి కంటను పడక కరిగిపోవునని నా భయము.

మీ యింటిల్లిపాదియో, వీధిలోని స్నేహితులో కలిసి పోదలచినచో ఒకటి రెండు మాటలు. కార్తికము మొదలు మాఘము వరకు అనుకూలమైన కాలము. వేసవిలో బండ పగలంతయు త్రాగిన వేడిమిని ప్రొద్దుగ్రుంకిన తరువాత కూడ కక్కుచునే యుండును. వానకాలమున పాకుడు పట్టి కాలు జారును. చలికాలమున నాలుగున్నరకు మెట్లవద్దకు చేరినచో, ముసలివారు నడుమ నడుమ కూర్చుండి యెక్కినను, సూర్యాస్తమయమునకు పైనుండవచ్చును. పాదరక్షలు విడువవలసిన చోట విడువుడు. త్రాగునీరు, దిగునపుడు టార్చిలైటు మరువరాదు. తిన్న కాగితములను గుట్టపై విడువక సంచిలో వేసికొని రండు. సమాధితోట మాత్రము వెలుతురుండగానే, ఎక్కుటకు ముందే చూడవలెను.

పైకి చేరిన తరువాత పడమటి వైపు తిరిగి కూర్చుండుడు. రైలుపట్టాలు, వాని కావల సికింద్రాబాదు, ఇంకను ఆవల ఎత్తైన మేడలు కనబడును. మేడల నడుమ అక్కడక్కడ ముద్దలుగా మిగిలిన గుట్టలను పిల్లలచేత లెక్కింపజేయుడు. మరల రెండేండ్లకు వచ్చి లెక్కింపజేయుడు.

రజబు నెల చాంద్రమానము ననుసరించి వచ్చును గనుక ఉర్సు ఏటేట పదునొకండు దినములు ముందునకు జరుగుచు, ముప్పదిమూడేండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. జనసమ్మర్దమును చూడ వేడుక గలవారు ఆ నెల పదునేడవ తేదీన పోవలెను. రాయిని, సంధ్యను తీరికగా చూడదలచినవారు ఆ వారము విడిచి మరియొక సాయంకాలము ఎన్నుకొనుట మేలు.