హంటింగ్టన్ అవెన్యూలో ఒక శనివారం

బోస్టన్‌కి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ముందుగా చూసేది ఫ్రీడమ్ ట్రెయిల్, హార్వర్డ్ యార్డ్. అవి చూడవలసినవే. అయితే సంగీతం మీద మక్కువ, వైద్యం మీద ఆసక్తి ఉన్న విద్యార్థి ఒక శనివారం కేటాయించుకుంటే ఈ ఊరి మరో చరిత్ర కనిపిస్తుంది. అందులో ఒక తెలుగువాడు కూడా ఉన్నాడు.

మొదటి మజిలీ మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లోని ఈథర్ డోమ్. 1846 అక్టోబరు 16న ఇక్కడ విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఒక రోగికి ఈథర్ ఆవిరి పీల్పించగా, సర్జన్ జాన్ కాలిన్స్ వారెన్ అతని మెడ మీది కణితికి శస్త్రచికిత్స చేశారు. జార్జియాలో క్రాఫర్డ్ లాంగ్ 1842లోనే ఈథర్ వాడినా, లోకానికి తెలిసింది ఈ ప్రదర్శనతోనే. అంతకుముందు ఆపరేషన్ అంటే మెలకువలో ఉన్న రోగిని నలుగురు పట్టుకోవడం, సర్జన్ వీలైనంత వేగంగా ముగించడం. నొప్పి పోయాక నిదానంగా పనిచేసే వీలు కలిగింది.

అక్కడినుంచి పార్క్ స్ట్రీట్ వెళ్ళి గ్రీన్ లైన్ ‘ఈ’ రైలెక్కితే సింఫనీ హాల్ దగ్గర దిగవచ్చు. 1900 అక్టోబరులో ప్రారంభమైన ఈ హాలు ధ్వనిశాస్త్రం లెక్కల ప్రకారం కట్టిన తొలి సంగీత మందిరంగా పేరు పొందింది. లెక్కలు కట్టినవాడు హార్వర్డ్ భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సేబైన్. అంతకుముందు ఆయన, మాట స్పష్టంగా వినిపించని ఒక లెక్చర్ హాలును బాగుచేసే పని మీద, ఊరు సద్దుమణిగాక రాత్రుళ్ళు కూర్చుని, ఒక ఆర్గాన్ గొట్టం, ఒక గడియారం, అరువు తెచ్చిన కుర్చీ మెత్తలు పెట్టుకుని ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. ఆ కొలతలనుంచే సూత్రం పుట్టింది.

ఇక హంటింగ్టన్ అవెన్యూ వెంట నైరుతిగా నడవండి. 1903 నాటి జోర్డన్ హాల్, తర్వాత మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ దాటి లాంగ్‌వుడ్ చేరితే పాలరాతి భవనాల హార్వర్డ్ మెడికల్ స్కూలు వస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో బోస్టన్ చేరారు. ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రి ఉద్యోగం చేస్తూ చదువుకున్నారు. సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలతే వారిని కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల దగ్గరికి తీసుకెళ్ళింది.

సుబ్బారావు గారి సోదరులిద్దరు రోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధితో పోయారు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ స్ప్రూకి మందయింది. ఆ పదార్థానికి విరుగుడుగా అదే బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను ఈ లాంగ్‌వుడ్‌లోనే, పిల్లల ఆసుపత్రిలో, సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం పాటు వ్యాధి తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ప్రకటించారు. క్యాన్సర్‌కు మందుల చికిత్స మొదలైన రోజులవి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53వ ఏట కన్నుమూశారు.

అన్నదమ్ములను కాపాడుకోలేకపోయిన మనిషి ఎందరో తల్లుల బిడ్డలకు దారి చూపాడు. అందుకు మొదట పట్టుకున్నది సేబైన్ లాగే ఒక చిన్న కొలత. పరీక్షలు, వీసా, ఉద్యోగం బెంగలతో తిరిగే మన పిల్లలకు ఈ నడక ఆ సంగతి చెబుతుంది.