ఉత్త గిన్నె తిరిగి పంపకూడదు

1984లో లారీ వాల్ అనే ప్రోగ్రామరు ‘ఆర్ఎన్’ అని ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. తర్వాత పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషను సృష్టించింది ఈయనే. యూజ్‌నెట్ అనే కంప్యూటర్ల చర్చా వేదికలో జనం రాసుకున్నవి చదవడానికి, మనం రాయడానికి పనికొచ్చేది ఆర్ఎన్. ఎవరైనా నాలుగు ముక్కలు రాసి పంపబోతే అది ఆపి హెచ్చరించేది. మీరు రాసింది నాగరిక ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లకు వెళ్తుంది, అందుకు వందలు, కాదంటే వేల డాలర్లు ఖర్చవుతుంది, పంపమంటారా అని అడిగేది.

ఇది తెలిసిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది. వెంటనే ఓ అనుమానం కూడా వచ్చింది. మాట పంపడమే అంత ఖరీదైతే, సాయం చేసిన ముక్కూ మొహం తెలియని మనిషికి ‘థాంక్స్’ ఎలా చెప్పేవారు? దాని వెంటపడి వెళ్తే తేలింది ఇది.

యూజ్‌నెట్‌కు 1979లో బీజం వేసింది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్. అప్పట్లో కంప్యూటర్లు ఇప్పటిలా ఇరవై నాలుగు గంటలూ కలిసి ఉండేవి కావు. ఒక చోటి కంప్యూటరు మోడెమ్ మీద ఇంకో చోటి కంప్యూటరుకు ఫోన్ చేసి, పోగుపడిన కబుర్లన్నీ అందించి పెట్టేసేది. చార్జీ తక్కువని ఈ పని చాలావరకు రాత్రిళ్ళు జరిగేది. ఊరి నుంచి ఊరికి తపాలా సంచి చేరవేసిన రన్నర్ల లాగా, ఒక్కో మాట చేతులు మారుతూ వెళ్ళేది. ఆ ఫోను బిల్లు కట్టేది రాసినవాడు కాదు, దారిలో ఉన్న ప్రతి సంస్థా.

అందుకే అక్కడొక మర్యాద పుట్టింది. ఎవరో ఒక ప్రశ్న అడుగుతారు. జవాబు తెలిసినవాళ్ళు అందరి ముందూ రాయరు, అడిగిన మనిషికే విడిగా ఈమెయిల్ ఉత్తరం రాస్తారు. లేకపోతే ఒకే జవాబు ఇరవైసార్లు ప్రపంచం చుట్టి వస్తుంది. వచ్చిన ఉత్తరాలన్నీ అడిగిన మనిషి కూర్చుని చదవాలి. ఒకేలా ఉన్నవి కలిపి, పనికిరానివి తీసేసి, తాను ప్రయత్నించి చూసి, ఏది పనిచేసిందో ఒక్క సారాంశంగా రాసి అందరికీ పంపాలి. సన్ కంపెనీ కంప్యూటర్లను నడిపే నిర్వాహకుల ఈమెయిల్ బృందం ‘సన్ మేనేజర్స్’లో ఇది కట్టుబాటుగా ఉండేది. అడిగినవాళ్ళు ఆ పని పూర్తిచేశాక పైన ‘సమ్మరీ’ అని రాసి పంపేవారు. సాయపడిన వారి పేర్లు అందులో వరసగా ఉండేవి.

ఈ ఏర్పాటును తలచుకుంటే నాకు మా ఇంటి గోడమీదుగా వచ్చే గిన్నె గుర్తొస్తుంది. పక్కింటి పిన్నిగారు పులిహోర పంపిన గిన్నెను మా అమ్మ ఏనాడూ ఉత్తగా తిప్పి పంపలేదు. ఇంట్లో ఇంకేం లేకపోతే గుప్పెడు పంచదార వేసేది. “ఉత్త గిన్నె పంపకూడదురా” అనేది. ‘చాలా థాంక్సండీ’ అని పిన్నిగారితో అన్నట్టు నాకు గుర్తు లేదు. ఆ గుప్పెడు పంచదారే ఆ మాట. సారాంశం రాయడం కూడా అలాంటిదే. ఇచ్చినవాళ్ళకు పేరు, తర్వాత వచ్చేవాళ్ళకు దారి, రెండూ ఆ ఒక్క గిన్నెలో పెట్టి పంపేవారు.

ఈ మర్యాదకు చుట్టాలు ఇంకా వెనక్కి కూడా ఉన్నాయి. సరదాకు రేడియో నడిపే హామ్ రేడియో వాళ్ళు ‘థాంక్స్’ను ‘టీఎన్ఎక్స్’గా కుదించారు. ఆ మూడక్షరాలను ఈనాటికీ వాడుతున్నారు. గాలిలో ఒక అపరిచితుడి గొంతు అందితే, అందిందని ఒప్పుకుంటూ ‘క్యూఎస్ఎల్’ కార్డు పోస్టులో పంపడం వాళ్ళ ఆచారం. సంకేతం సెకన్లలో వస్తుంది, కార్డు వారాల తరవాత వస్తుంది. అయినా గోడకు తగిలించుకునేది కార్డునే.

పోస్టుకార్డు అంటే గుర్తొచ్చింది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా బయటికొచ్చిన రోజుల్లో, డబ్బు పంపనా అని అడిగినవాళ్ళతో దాన్ని రాసిన లైనస్ టోర్వాల్డ్స్ వద్దన్నాడు, మీ ఊరి పోస్టుకార్డు ఒకటి పంపండి చాలన్నాడు. హెల్సింకీలో వాళ్ళింటికి దేశదేశాల నుంచి కార్డులు వచ్చిపడ్డాయి. మాకింటోష్ మీద బొమ్మలు చూడడానికి జేపెగ్‌వ్యూ అనే ప్రోగ్రాము రాసిన ఆరన్ జైల్స్ కూడా అడిగింది పోస్టుకార్డే. ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు ‘పోస్టుకార్డువేర్’ అనే పేరే స్థిరపడింది. మనిషి ఎక్కడున్నాడో, తన పని ఎంత దూరం వెళ్ళిందో తెలుసుకోవాలన్న కోరిక కంటే చక్కని రుసుము నాకు కనిపించలేదు.

మళ్ళీ సారాంశాల సంగతికొస్తే, 1995 అక్టోబరులో ఇంటెల్ ఉద్యోగిని శాలీ హాంబ్రిడ్జ్ రాసిన నెట్ మర్యాదల పత్రం ‘ఆర్ఎఫ్‌సీ 1855’గా వెలువడింది. ప్రశ్న అడిగితే సారాంశం రాయండి, వచ్చిన ఉత్తరాలన్నీ కుప్పగా పోసి అదే సారాంశమనకండి అని అందులో ఉంది. 2001లో ప్రోగ్రామరు ఎరిక్ రేమండ్ ప్రశ్నలు అడిగే పద్ధతి మీద రాసిన వ్యాసంలోనూ, సమస్య తీరాక ఎలా తీరిందో ఒక ముక్క రాయమన్నాడు.

ఆ తర్వాత పంపడానికి ఖర్చు లేకుండా పోయింది. ఖర్చుతో పాటు ఓపికా పోయింది. 2008లో వచ్చిన ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో థాంక్స్ అని రాయడమే అనవసరమన్నారు, ఓటు వేసి, పనిచేసిన జవాబుకు టిక్కు పెట్టమన్నారు. వికీపీడియాలో 2013లో కృతజ్ఞత చెప్పడానికే ఒక మీట వచ్చింది. ఇవి చెడ్డవని నేననను. టిక్కు చూసి తర్వాతివాడు ఏది పనిచేసిందో తెలుసుకుంటాడు. కానీ ఎందుకు పనిచేసిందో, తన దగ్గర ఏం మార్చాల్సి వచ్చిందో టిక్కు చెప్పలేదు.

తెలుగువాళ్ళు ఈ మర్యాదకు ఒక మాటే ఇచ్చారు. 2000 దశకం చివర్లో తెలుగులో టైపు చేయడం నేర్చుకుంటున్న బ్లాగర్లు ఒకరికొకరు సాయం చేసుకుంటూ ‘నెనర్లు’ అని రాసుకునేవారు. నెనరు పాతమాట, ప్రేమ, దయ, అభిమానం అని అర్థం. త్యాగరాజస్వామి కృతిలోనూ ఉంది. పుస్తకాల్లో నిద్రపోతున్న మాటను తెచ్చి థాంక్స్ స్థానంలో కూర్చోబెట్టారు. ఇప్పుడది ఎక్కడో తప్ప కనబడదు. ఆ మాట పోవడం నాకు బాధగా ఉంది. ధన్యవాదాలు అంటే అప్పు తీరిపోయినట్టు వినిపిస్తుంది, నెనర్లు అంటే చుట్టరికం మొదలైనట్టు ఉంటుంది.

అదే రోజుల్లో నా కంప్యూటర్లో తెలుగు సరిగా కనిపించేది కాదు. ఒత్తులు విడిపోయి, అక్షరాల మధ్య డబ్బాలు వచ్చేవి. ఎక్కడో ఒకచోట అడిగితే, పేరు మాత్రమే తెలిసిన ఒకాయన విండోస్ ఎక్స్‌పీ సెట్టింగుల్లో ప్రాంతీయ భాషల పేజీ తెరిచి, సంక్లిష్ట లిపుల ఫైళ్ళ గడిలో టిక్కు పెట్టమని నాకు విడిగా, ఓపికగా చెప్పారు. బాగైంది. ‘థాంక్సండీ’ అని రాసి వచ్చేశాను. కొన్ని నెలల తర్వాత అదే చోట మరొకరు అదే డబ్బాల గురించి అడిగి, జవాబు లేక ఉండిపోవడం చూశాను. దారి నా దగ్గరుంది, కానీ నేను దాన్ని అక్కడ పెట్టి రాలేదు. ఇది నా ఒక్కడి కథే కాదు. అదే సమస్యతో ఎన్నో ఏళ్ళ కింద ఒకే ఒక్కడు అడిగి, జవాబు లేకుండా మాయమైపోవడం మీద 2011లో ‘ఎక్స్‌కేసీడీ’ అనే వెబ్ కామిక్‌లో ఒక కార్టూన్ వచ్చింది. దాన్ని చూసి తమ గోడే అనుకున్నవాళ్ళు లోకమంతా ఉన్నారు.

మన పెద్దలు రుషి రుణం అన్నారు. అది రుషులకు తిరిగి ఇచ్చి తీర్చేది కాదు. చదువుకుని, ఆ చదువును నిలిపి తీర్చేది. నెట్‌లో సాయం చేసిన అపరిచితుడి రుణమూ అంతే. ఆయన ఇంటికి మనం వెళ్ళలేం, ఆయనకు పులిహోర పంపలేం.

కాబట్టి ఈసారి ఎవరైనా మీ చిక్కు విప్పితే థాంక్స్ దగ్గర ఆగిపోకండి. ఇంకో మూడు వాక్యాలు రాయండి: చిక్కు ఏమిటి, ఏం చేస్తే తీరింది, ఎవరు చెప్పారు. గిన్నెలో ఆ గుప్పెడు పంచదార వేసి పంపండి.