ఎడ్వర్డ్ మేసన్ – స్థూలకాయ శస్త్రచికిత్స

స్థూలకాయాన్ని తగ్గించేందుకు జీర్ణాశయం మీద చేసే ఆపరేషన్లకు పునాది వేసిన అమెరికన్ సర్జన్ ఎడ్వర్డ్ ఇ. మేసన్ (1920–2020). అయోవా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, మినెసోటా విశ్వవిద్యాలయంలో ఓవెన్ వాంగెన్‌స్టీన్ వద్ద శస్త్రచికిత్సలో శిక్షణ పొందారు. 1953లో అయోవాకు తిరిగి వచ్చి, వృత్తి జీవితమంతా అక్కడే గడిపారు.

అప్పటికి బరువు తగ్గించే ఆపరేషన్ అంటే పేగు మీద చేసేదే. 1954లో మినెసోటా సర్జన్లు క్రెమెన్, లిన్నర్, నెల్సన్ చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని ఆహారం దారి నుంచి తప్పించే పద్ధతిని ప్రకటించారు. తిన్నది ఒంటికి పట్టే చోటు తగ్గిపోవడంతో బరువు బాగానే తగ్గేది. కానీ ఆగని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు, కీళ్లనొప్పులు వెంటపడేవి. కొందరిలో కాలేయమే దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చేది. ఇన్ని బాధలున్నా ఈ ఆపరేషన్ 1970ల దాకా విస్తృతంగా సాగింది.

మేసన్ దృష్టి పేగు మీద కాక కడుపు మీద పడింది. అల్సర్ కోసం జీర్ణాశయంలో చాలా భాగం తీసేసిన రోగులు చిక్కిపోవడం, మళ్లీ ఒళ్లు చేయలేకపోవడం సర్జన్లందరూ చూస్తున్నదే. అల్సర్ రోగికి నష్టమైన ఆ ఫలితమే స్థూలకాయులకు చికిత్స కాగలదని ఆయన గ్రహించారు. చికాషి ఇటోతో కలిసి ముందు కుక్కలపై ప్రయోగాలు చేసి, 1966లో తొలి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. మరుసటి ఏడాది ఆ వివరాలు ప్రచురించారు. ఇందులో జీర్ణాశయాన్ని అడ్డంగా విడదీసి, పైనున్న చిన్న సంచిని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. కింది భాగాన్ని తీసేయరు. ఆహారం అటు వెళ్లదు, అంతే.

మొదట్లో ఆ సంచి పెద్దదిగా ఉండటంతో బరువు ఆశించినంత తగ్గలేదు. మేసన్ బృందం సంచినీ, దాని ద్వారాన్నీ కొలుస్తూ, రోగుల బరువుతో పోల్చి చూస్తూ వచ్చింది. సంచి 50 మిల్లీలీటర్లకు, ద్వారం 12 మిల్లీమీటర్లకు మించకూడదని 1975 నాటికి తేల్చింది. ఆయన పరిశోధనలో అన్నిటికన్నా విలువైనది ఈ కొలిచే పద్ధతే. ఏ సర్జన్ చేసినా ఒకే ఫలితం వచ్చే అవకాశం దానివల్లే ఏర్పడింది. ఆ చిన్న సంచిలోకి పిత్తరసం ఎగదన్నే ఇబ్బందిని తొలగిస్తూ, 1977లో గ్రిఫెన్ అనే సర్జన్ ‘వై’ ఆకారపు కలయికను ప్రవేశపెట్టారు. నేటి బైపాస్ రూపం అదే.

చిత్రంగా, అప్పటికే మేసన్ తన బైపాస్ నుంచి పక్కకు జరుగుతున్నారు. ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకపోతే ఇనుము, కాల్షియం సరిగా అందవు. కడుపును తప్పించడం వల్ల బి12 కూడా కొరవడుతుంది. ఈ లోపాలు లేని ఆపరేషన్ కోసం వెతికి, 1980లో వర్టికల్ బ్యాండెడ్ గ్యాస్ట్రోప్లాస్టీని రూపొందించారు. కడుపులో స్టేపుల్స్‌తో నిలువుగా చిన్న సంచి ఏర్పరచి, దాని ద్వారం సాగిపోకుండా 5 సెంటీమీటర్ల చుట్టుకొలత గల పాలీప్రొపిలీన్ పట్టీ చుడతారు. ఆహారం సహజమైన దారిలోనే సాగుతుంది. 1980లలో ఇది ఎంతో ఆదరణ పొందింది. అయితే ఏళ్లు గడిచేకొద్దీ స్టేపుల్స్ వరస ఊడిపోవడం, వాంతులు, తీపి పానీయాలకు అలవాటుపడి మళ్లీ బరువు పెరగడం బయటపడ్డాయి. క్రమంగా సర్జన్లు దీన్ని వదిలేశారు.

ఈ లోపాలు కనిపించాలంటే రోగులను ఏళ్ల తరబడి గమనించాలి. మేసన్ పట్టుబట్టింది కూడా దానికోసమే. 1983లో ఏర్పడిన అమెరికన్ స్థూలకాయ సర్జన్ల సంఘానికి ఆయనే తొలి అధ్యక్షుడు. అనేక ఆస్పత్రుల ఆపరేషన్ల ఫలితాలను ఒకచోట చేర్చే జాతీయ రిజిస్ట్రీని అయోవాలోనే నెలకొల్పారు.

1990లలో రెండు మార్పులు వచ్చాయి. విట్‌గ్రోవ్, క్లార్క్ అనే సర్జన్లు లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా, బైపాస్ చేసి చూపారు. బైపాస్ తర్వాత చాలామందిలో టైప్ 2 మధుమేహం అదుపులోకి వస్తోందని 1995లో వాల్టర్ పోరీస్ బృందం వెల్లడించింది. అప్పటికి డెబ్బై ఏళ్లు దాటిన మేసన్, పేగు చివరి భాగం స్రవించే జీఎల్‌పీ-1 హార్మోన్‌కు ఇందులో పాత్ర ఉందని భావించి 1999లో దానిపై వ్యాసం రాశారు. మధుమేహానికీ, బరువుకూ నేడు వాడే కొన్ని ఇంజెక్షన్లు ఆ హార్మోన్‌ను అనుకరించేవే.

స్థూలకాయ ఆపరేషన్ ఎవరికి అవసరమో బీఎంఐని (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచిక) బట్టి నిర్ణయిస్తారు. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు 40, తీవ్రమైన జబ్బులుంటే 35 అని హద్దు పెట్టింది. 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని 35కు, మధుమేహం వంటి జీవక్రియ సమస్యలుంటే 30కి తగ్గించాయి. ఆసియా వాసులకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది కనుక వారికి 27.5 నుంచే పరిశీలించవచ్చని సూచించాయి. బైపాస్ చేయించుకున్నవారు విటమిన్లు, ఖనిజాలు జీవితాంతం తీసుకుంటూ, రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.