తేనెకుండ చీమ: గాజుగూడు తేల్చిన సందేహం

చీమలు కట్టిన పుట్టలో పాము కాపురం పెడుతుందని చెప్పి, కూడబెట్టేవారి కష్టం పరులపాలు కావడాన్ని మన పెద్దలు తలపోశారు. అయితే కూడబెట్టిన ఆహారాన్ని పుట్టలో ఒక మూల పోసి ఉంచక, తోటి చీమ కడుపులోనే దాచే జాతులు కొన్ని ఉన్నాయి. అమెరికా పశ్చిమ ప్రాంతపు ఎండు నేలల్లోను, మెక్సికోలోను నివసించే మిర్మికోసిస్టస్ ప్రజాతి వీటిలో ప్రసిద్ధమైనది. ఆంగ్లంలో వీటిని హనీపాట్ చీమలంటారు. తేనెకుండ చీమలని అనువదించుకొన్నాను. వీటిని గాజుగూళ్ళలో పెంచినవారి చరిత్ర చదువుతూ ఉంటే నన్ను పట్టి నిలిపిన ప్రశ్న ఒక్కటే. ఈ కుండ పుట్టుకతోనే కుండయా, లేక తరువాత అలా మారినదా?

చీమకు జీర్ణాశయానికి ముందు ఒక సంచి ఉంటుంది. అందులో చేరిన ద్రవం ప్రధానంగా తోటిచీమలకు నోటినుండి నోటికి అందించడానికే. తేనెకుండ చీమలలో కొన్ని పనిచీమలకు ఈ సంచి ఎంతగా ఉబ్బుతుందంటే, పొట్ట చిన్న ద్రాక్షపండంత అవుతుంది. పొర సాగి సాగి పారదర్శకమై, లోపలి తేనె రంగు బయటికి కనబడుతుంది. పొట్టమీది గట్టి ఫలకాలు ఆ పొరపై విడివిడి దీవులవలె మిగులుతాయి. అట్టి చీమ నడవలేదు. భూగర్భంలోని గది కప్పును కాళ్ళతో పట్టుకొని వేలాడుతూ ఉంటుంది. కరవు కాలంలో ఆకలిగొన్న చీమ వచ్చి మీసాలతో తట్టితే ఒక్కొక్క బొట్టు పైకి తెచ్చి ఇస్తుంది.

1832లో మెక్సికోకు చెందిన మతగురువు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాబ్లో దె లా యావే ఈ చీమను శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1838లో బెల్జియం పండితుడు వెస్మేల్ ప్రజాతికి నామకరణం చేశాడు. గ్రీకు మూలాలనుబట్టి చూస్తే ఆ పేరుకు 'చీమతిత్తి' అని అర్థం. తిత్తి వంటి ఈ చీమ పుట్టుకతోనే వేరొక తెగకు చెందినదని చాలాకాలం తలచినవారున్నారు. ప్రాణం పోయిన నమూనాను బల్లమీద పెట్టుకొని ఈ సంగతి తేల్చడం కష్టం.

సందేహం తీర్చడానికి పూనుకొన్నవాడు ఫిలడెల్ఫియా నగరంలో క్రైస్తవ మతాచార్యుడైన హెన్రీ క్రిస్టఫర్ మెకూక్. 1879లో ఈ చీమలను వెదకుతూ న్యూమెక్సికోకు బయలుదేరి, దారిలో కొలరాడోలో ఆగాడు. అక్కడ 'గార్డెన్ ఆఫ్ ది గాడ్స్' అనే ఎర్రరాళ్ళ కొండలమధ్యనే అవి కనబడ్డాయి. ఇక ముందుకు పోలేదు. చీకటి పడ్డాక అవి బారులు తీరి పొట్టి సింధూర వృక్షాలకు పోయి, ఆకుకొమ్మలపై ఏర్పడిన బుడిపెలనుండి స్రవించే తీపిని గ్రహించి తెల్లవారేలోగా తిరిగివస్తున్నాయని రాత్రులు లాంతరు పట్టుకొని కనుగొన్నాడు. పుట్టను తవ్వి చూస్తే గదుల నేల, గోడలు నున్నగా ఉండి, కప్పు మాత్రం గరుకుగా ఉన్నది. వేలాడేవారికి పట్టు దొరకాలి గదా!

కొన్ని గూళ్ళను మట్టితో సహా గాజు జాడీలలో ఫిలడెల్ఫియాకు తెచ్చి పెంచాడు. 1882లో గ్రంథం ప్రకటించాడు. పనిచీమను, సగం నిండినదానిని, పూర్తిగా నిండినదానిని వరుసగా కోసి పరీక్షించి, మూడింటి నిర్మాణం ఒక్కటేనని, సంచి ఉబ్బడమే తేడా అని నిర్ధారించాడు.

ఆ జాడీలలోనే ఆయన గమనించిన మరొక సంగతి నాకు అన్నిటికన్న విలువైనదిగా తోచింది. తేనెతో నిండిన చీమ చచ్చిపోతే తక్కినవి దాని పొట్టను చీల్చి తేనె తాగలేదు. పొట్టను వేరుచేసి, నిండు తేనెతోనే దొర్లించుకొనిపోయి, శవాలను వేసేచోట పడవేశాయి. ఇది మృతులపై గౌరవమని నేను అనను. శవాన్ని దూరంగా తొలగించే సహజప్రవృత్తి ఆకలిని మించినదని మాత్రమే చెప్పవచ్చు. అయినా బ్రతికున్నంతకాలం తట్టి అడిగి తీసుకొన్న తేనెను చచ్చాక ముట్టకపోవడం ఆలోచింపజేస్తుంది.

అదే 1882లో ఇంగ్లండులో జాన్ లబ్బాక్ చీమలు, తేనెటీగలు, కందిరీగలపై తన గ్రంథం వెలువరించాడు. వృత్తిచే బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు కూడా. రెండు గాజుపలకలమధ్య పలుచని మట్టిపొర ఉంచి చీమలను ఏళ్ళతరబడి పెంచాడు. చీమలకు ఎరుపు వెలుగు అంతగా తెలియదని ఆయన రంగుటద్దాల ప్రయోగాలు సూచించాయి. నేటికీ చీమలు పెంచేవారు గూటిపై ఎర్రని పొర కప్పేది ఇందుకే. ఆస్ట్రేలియా తేనెకుండ చీమను 1880లో వర్ణించినవాడూ ఆయనే. అది అమెరికా చీమకు దగ్గరి చుట్టం కాదు. కరవునేలలో ఒకే అవసరం రెండు ఖండాలలో ఒకే ఉపాయాన్ని వేర్వేరుగా పుట్టించింది.

1908లో విలియం మార్టన్ వీలర్ మిగిలిన ముడిని విప్పాడు. ప్రతి పనిచీమా కుండ కాలేదు. అప్పుడే కోశం వీడి, ఒళ్ళు ఇంకా గట్టిపడని పసిచీమకే పొర అంతగా సాగుతుంది. అంటే పుట్టుక ఒక్కటే. లేతవయసులో ఎవరి నోటికి ఎంత తేనె పోశారన్నదే తేడా. బడిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలమధ్య గడిపిన నాకు ఈ మాట చీమలకు మాత్రమే చెల్లుతుందని అనిపించలేదు.

ఈ జ్ఞానానికి వెల కూడా ఉన్నది. పుట్ట తవ్వితే కప్పు కూలి, నిండిన చీమలు నేలరాలి పగిలిపోతాయి. రాణి లేని గూడు ఎంత పోషించినా క్రమంగా తరిగిపోవలసిందే. అందుచేత నేడు వివేకం గలవారు పుట్టల జోలికి పోరు. వానల తరువాత పెండ్లి ఎగురులు ముగించి రెక్కలు రాల్చిన రాణిని తెచ్చి, దూదితో నీరు బిగించిన గాజుగొట్టంలో చీకటిలో ఉంచుతారు. ఆమె ఆహారం ముట్టకుండా తన ఒంటి నిల్వలతోనే తొలి సంతానాన్ని పెంచుతుంది. ఆ తరువాతనే చక్కెరనీరు, చిన్నపురుగులు, గరుకు కప్పుగల గూడు. గూడు ఎదిగి, అందరి ఆకలి తీరి మిగిలినప్పుడే మొదటి కుండ వేలాడుతుంది. అప్పటిదాకా పెంచేవానికి ఓపిక తప్ప వేరే పని లేదు.

ఇంత చదివాక నా అనువాదంపై నాకే అసంతృప్తి కలిగింది. కుండ అంటే జడవస్తువు. కాని ఇది ఊపిరి తీస్తూ, అడిగినవారికి ఇస్తూ, మన కంటికి కదలకుండా పనిచేసే పనిచీమయే. 'నిండుచీమ' అంటే కొంత మేలేమో! భాషాభిమానులైన మిత్రులు ఇంతకన్న మంచి మాట సూచిస్తే సంతోషంతో స్వీకరిస్తాను.