హైదరాబాదులో తెలుగు డీటీపీ

తెలుగు డీటీపీ అనగా పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు, కరపత్రాలు మొదలైనవాటిని వ్యక్తిగత కంప్యూటరు మీద తెలుగులో కూర్చి అచ్చుకు సిద్ధం చేసే పని. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే మాటకు ఇది పొట్టి రూపం. ఈ పని చేసేవారిని మొదట్లో డీటీపీ ఆపరేటర్లు అనేవారు. పుట అమరికను, అక్షరాల సొంపును చూసేవారికి క్రమంగా డిజైనర్లు అన్న పేరు స్థిరపడింది. హైదరాబాదులో ఈ వృత్తి 1990లలో వేళ్ళూనుకొన్నది. అదే దశకం చివర నగరానికి పడమట హైటెక్ సిటీ వెలసింది. ప్రపంచానికి సాఫ్టువేరు తయారుచేసి ఇచ్చే ఊరిలోనే, తెలుగులో పనిచేసే డిజైనరు మాత్రం తన కంప్యూటరులోను, తరువాత తన ఫోనులోను అక్షరం సరిగా కనబడడానికి ఇరవై ఏళ్ళకు పైగా పాట్లు పడవలసి వచ్చింది. పరికరం మారిన ప్రతిసారీ కొంత సౌకర్యం కలిగింది, కొంత పాత పని చేజారింది.

నేపథ్యము

కంప్యూటరు రాక పూర్వం పుస్తకాలకు సీసపు అక్షరాలను చేతితో పేర్చేవారు. సినిమా గోడపత్రికల మీది పేర్లను చిత్రకారులు కుంచెతో రాసేవారు. 2021లో మరణించిన ప్రచార చిత్రకారుడు ఈశ్వర్ ఆ తరానికి చెందినవాడు. 1984లో యాపిల్ సంస్థ మాకింటోష్ కంప్యూటరును, 1985లో లేజర్‌రైటర్ ముద్రణ యంత్రాన్ని విడుదల చేసింది. అదే 1985లో ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్ అనే సాఫ్టువేరును తెచ్చింది. ఈ మూడూ కలిసి డీటీపీకి పునాది వేశాయి. హైదరాబాదు చిన్న ప్రెస్సులలో మాత్రం మాకింటోష్ కంటే విండోస్ కంప్యూటర్లే ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి. ధర అందుకు ప్రధాన కారణం.

పేజ్‌మేకర్ రోమను లిపి కొరకు తయారైనది. అప్పటి ఫాంటులో గరిష్ఠంగా 256 గదులుండేవి. ఆంగ్లానికి ఇవి చాలు. తెలుగులో ఒక్కొక్క హల్లుకు గుణింతము, దాని కింద చేరే వత్తులు కలిపితే అక్షర రూపాలు వందలలో ఉంటాయి. అందుచేత ఫాంటు రూపకర్తలు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, వత్తు మరొక గదిలో ఉంచి, ఆపరేటరు మీట నొక్కినప్పుడు అవి ఒకదాని పక్కన ఒకటి చేరి అక్షరంగా కనబడే ఏర్పాటు చేశారు. కంప్యూటరు దృష్టిలో అది తెలుగు కాదు, ఆంగ్ల అక్షరాల వరుస మాత్రమే. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థం లేని రోమను గుర్తులు కనబడేవి.

ఈ పద్ధతిలో హైదరాబాదుకు చెందిన అను, పుణెకు చెందిన మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి, ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన సాఫ్టువేర్లు వాడుకలోకి వచ్చాయి. చిత్రకారుడు బాపు చేతిరాత కూడా ఫాంటుగా మారి శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద కనబడసాగింది. అయితే ఏ సంస్థ గదుల అమరిక దానిదే. ఒకరి ఫాంటులో కూర్చినది మరొకరి ఫాంటులో చదవడానికి రాదు. కీబోర్డు అమరికలు కూడా వేర్వేరు. యాపిల్ అమరికకు అలవాటుపడిన ఆపరేటరు ఇన్‌స్క్రిప్ట్ అమరిక ముందు కూర్చుంటే కొత్తగా ఓనమాలు దిద్దవలసిందే. ఉద్యోగం మారడం కంటే కీబోర్డు మారడం కష్టమయ్యేది.

పాతబస్తీ ఛత్తా బజారులోని ఉర్దూ కాతిబుల పరిస్థితి దీనికి కొంత భిన్నం. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్టువేరు నస్తాలీక్ లిపిని కంప్యూటరులోకి తేవడంతో వారి చేతిరాతకే గిరాకీ తగ్గింది.

పరికరాలు

సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నగరంలో కంప్యూటరు విడిభాగాలకు పేరుపొందిన అంగడి. దీనిని సీటీసీ అని పిలుస్తారు. పేరున్న సంస్థల కంప్యూటర్లు కొనలేని డిజైనర్లు ఇటువంటి అంగళ్ళలో మదర్‌బోర్డు, ర్యాము, హార్డ్ డిస్కు విడివిడిగా కొని బిగించుకొనేవారు. దీనిని అసెంబుల్డ్ కంప్యూటరు అంటారు. ఖర్చు తక్కువ, భాగాలను ఒక్కొక్కటిగా మార్చుకొనే వీలు ఎక్కువ. చెడిపోతే ఏ భాగానిది తప్పో తేల్చుకోవలసిన భారం మాత్రం కొన్నవారిదే.

విద్యుత్తు కోత మరొక బెడద. వేసవిలో కరెంటు పోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీ బలహీనంగా ఉంటే చేస్తున్న పుట మొత్తం పోతుంది. పేజ్‌మేకర్ కాలపు ఆపరేటర్లకు రెండు మూడు వాక్యాలకొకసారి ఫైలును భద్రపరచే మీటలు నొక్కడం చేతివాటంగా మారింది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించినప్పుడు ముద్రణా రంగానికి కూడా ఇబ్బంది కలిగింది.

కూర్పు పూర్తయిన పుటను లేజరు ముద్రణ యంత్రంతో ట్రేసింగ్ కాగితం మీద తీసి, దాని నుండి ఆఫ్‌సెట్ ప్లేటు చేయించేవారు. ఒక్క వత్తు తప్పినా కొత్త ట్రేసింగ్ తీయాలి. రంగుల పనిలో చిక్కు వేరు. కంప్యూటరు తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలి కాంతులను కలిపి రంగు చూపుతుంది. అచ్చు యంత్రం నీలి, ముదురు గులాబీ, పసుపు, నలుపు సిరాలతో పనిచేస్తుంది. తెర మీద మెరిసిన చిలకపచ్చ కాగితం మీద మసకబారడం ఈ భేదం వలననే. శుభలేఖ తెరమీద చూసి ఒప్పుకొన్న పెళ్ళివారు అచ్చయిన తరువాత ఒప్పుకోకపోతే నష్టం డిజైనరుది.

కొన్ని తెలుగు సాఫ్టువేర్లకు హార్డ్‌వేర్ తాళం ఉండేది. ఇది కంప్యూటరు వెనుక తగిలించే చిన్న డబ్బీ. అది లేకపోతే సాఫ్టువేరు పనిచేయదు. మొదట ఇవి ప్రింటరు తగిలించే ప్యారలల్ పోర్టుకు తగినట్లుగా ఉండేవి. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టు కనుమరుగయ్యేసరికి, సాఫ్టువేరు బాగానే ఉన్నా దాని తాళం పెట్టడానికి చోటు లేకుండా పోయింది. దొంగప్రతుల వాడకం పెరగడానికి ధరతోపాటు ఇటువంటి చిక్కులు కూడా కారణమే.

యూనికోడు

ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతాలనిచ్చే యూనికోడు మొదటి ప్రమాణం 1991లో వెలువడింది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఈ పద్ధతిలో కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగానే గుర్తిస్తుంది. వత్తు ఎక్కడ చేరాలో నిర్ణయించే పని ఆపరేటింగ్ సిస్టంకు, ఫాంటుకు వదిలివేయబడింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు చేరింది. దీనిని ముంబయికి చెందిన అక్షర రూపకర్త రఘునాథ్ జోషి నిర్దేశకత్వంలో తయారుచేశారు. అయితే ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, విండోస్ సీడీ పెట్టి, సంక్లిష్ట లిపుల తోడ్పాటును విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. ఈ సంగతి తెలియక కంప్యూటరుకు తెలుగు రాదని అనుకొన్నవారే ఎక్కువ.

తిరుమల కృష్ణదేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, రోమను లిపిలో టైపు చేస్తే తెలుగులోకి మార్చే వీవెన్ గారి లేఖిని, పత్రికల సొంత ఫాంట్లను యూనికోడులోకి మార్చి చూపే నాగార్జున వెన్న గారి పద్మ ఈ దశలో ఎంతో ఉపకరించాయి. హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు సంఘ సభ్యులు అంగడి తెరచి కంప్యూటరులో తెలుగు రాయడం చూపించారు. గచ్చిబౌలి కేంద్రంగా ఉన్న స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్సు మీద కృషి చేసింది. గమనింపదగిన విషయమేమనగా ఈ కృషి చాలావరకు స్వచ్ఛందంగా జరిగినది.

డిజైనరుకు మాత్రం వెంటనే మేలు జరగలేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడు తెలియదు. 2001లో వచ్చిన 7.0 దాని చివరి ప్రధాన సంచిక. దాని స్థానంలో అడోబ్ సంస్థ ప్రోత్సహించిన ఇన్‌డిజైన్‌లో తెలుగుతో సహా భారతీయ లిపులకు తోడ్పాటు 2012 నాటి సీఎస్6 సంచికలో గానీ రాలేదు. ఈ పదేళ్ళలో తెలుగు రెండు పాయలుగా చీలింది. అంతర్జాలంలో యూనికోడు, అచ్చులో పాత ఫాంట్లు. రచయిత యూనికోడులో పంపిన వ్యాసాన్ని ప్రెస్సులో మళ్ళీ టైపు చేయడం, లేదా మార్పిడి సాధనంతో మార్చి తప్పులు ఏరుకోవడం పరిపాటి అయింది. ప్రూఫులు దిద్దే పని రెట్టింపైనదని చెప్పవచ్చు.

పేజ్‌మేకర్ ఫైళ్ళను నేరుగా తెరవగలిగిన చివరి ఇన్‌డిజైన్ కూడా ఆ సీఎస్6 సంచికయే. 2013 నుండి అడోబ్ చందా పద్ధతిలో ఇస్తున్న సంచికలు వాటిని తెరవలేవు. అంటే తెలుగు రాయగలిగిన మొదటి సంచిక, పాత తెలుగును చదవగలిగిన చివరి సంచిక ఒక్కటే. ఆ సమయంలో మారనివారి పుస్తకాలు పాత ఫైళ్ళలోనే నిలిచిపోయాయి. అచ్చు ప్రతి ఉన్నవాటిని తిరిగి టైపు చేయించుకోవచ్చు. ప్రతులు అయిపోయిన చిన్న ప్రచురణల విషయం అంత సులభం కాదు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినా, ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటరును అంతర్జాలానికి కలపకుండా ఒక మూల ఉంచుకోవడానికి డీటీపీ కేంద్రాలకు ఉన్న కారణం ఇదే.

హైటెక్ సిటీ, ఫోన్లు

హైటెక్ సిటీలో మొదటి కట్టడమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998లో, గూగుల్ కార్యాలయం 2004లో హైదరాబాదుకు వచ్చాయి. 2016 మే నెలలో యాపిల్ సంస్థ తన పటాల అభివృద్ధి కేంద్రాన్ని ఇక్కడ ప్రారంభించింది. ఈ రాకతో వెబ్, ఫోను తెరలను రూపొందించే కొత్త తరం డిజైనర్లకు ఉపాధి దొరికింది. అమీర్‌పేట శిక్షణా కేంద్రాలలో ఫోటోషాప్ నేర్చుకొని డీటీపీ నుండి ఇటు మారినవారూ ఉన్నారు. అయితే వీరి పని ప్రధానంగా ఆంగ్లంలోనే సాగింది.

తొలినాటి స్మార్ట్‌ఫోన్లలో తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనబడేవి. ఒపెరా మినీ విహారిణిలో సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపే అమరిక ఒకటి ఉండేది. ఆ అమరికను మార్చుకోవడం ఎలాగో తెలిసినవారు తెలియనివారికి చెప్పుకొనేవారు. 2012 జూలైలో విడుదలైన ఆండ్రాయిడ్ 4.1 సంచికలో కన్నడ, మలయాళాలతోపాటు తెలుగుకు తోడ్పాటు చేరింది. అప్పటికే అమ్ముడైన ఫోన్లన్నిటికీ ఆ సంచిక అందలేదు కాబట్టి డబ్బాల బెడద మరికొన్నేళ్ళు సాగింది.

2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ప్రపంచ వార్తలకెక్కింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోనుకు ‘జ్ఞా’ అక్షరపు ఒకానొక కూర్పు సందేశంగా వస్తే సందేశాల అప్లికేషను మూతపడేది. ప్రకటనగా తెర మీదికి వస్తే ఫోను మళ్ళీ మళ్ళీ ఆగిపోయేది. మ్యాక్ కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. జ, పొల్లు, ఞ, దీర్ఘముల నడుమ కంటికి కనబడని ఒక విభజన సంకేతం ఉండడం దీనికి మూలం. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో వత్తు పడకుండా పొల్లు నిలపడానికి తెలుగువారు వాడేది ఈ సంకేతాన్నే. మామూలుగా ‘జ్ఞానం’ అని రాస్తే ఇబ్బంది లేదు. దేవనాగరి, బెంగాలీలలో కూడా ఇటువంటి కూర్పులు ఉన్నట్లు తరువాత తేలింది. అయినప్పటికీ పత్రికలు దీనిని తెలుగు అక్షరపు దోషంగానే పేర్కొన్నాయి. దోషం అక్షరానిది కాదు, దానిని చిత్రించే సాఫ్టువేరుది. యాపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దీనిని సరిచేసింది.

ఫాంట్లు

యూనికోడు తొలిరోజులలో డిజైనర్ల ప్రధాన ఫిర్యాదు ఫాంట్ల కొరత. పాత పద్ధతిలో పదుల కొద్దీ అక్షర శైలులుండగా యూనికోడులో వేళ్ళ మీద లెక్కపెట్టదగినవే ఉండేవి. శీర్షికకు, వార్తకు ఒకే గౌతమి వాడితే పుట బోసిపోతుంది. సిలికానాంధ్ర సంస్థ కొరకు పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఫాంట్లు ఈ లోటును చాలావరకు తీర్చాయి. ధూర్జటి, తిమ్మన, పెద్దన, సూరన్న, గిడుగు, గురజాడ, సురవరం, రామభద్ర మొదలైన పేర్లతో ఉన్న ఇవి స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలై, గూగుల్ ఫాంట్లలో కూడా చేరాయి. ఓంకార్ షెండే రూపొందించిన బలూ తమ్ముడు తరువాత వచ్చిన వాటిలో చెప్పుకోదగినది.

తీరని చిక్కు ఒకటి ఉన్నది. తెలుగు అక్షరం కిందికి పెరుగుతుంది. ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యము’ వంటి మాటలలో ఒకే అక్షరం కింద రెండు వత్తులు చేరుతాయి. పైన గుడి, కింద రెండు వత్తులు ఉన్న అక్షరానికి ఆంగ్లం కంటే ఎక్కువ ఎత్తు కావాలి. ఫోను అప్లికేషన్లలో మీటలను, గడులను ఆంగ్లం కొలతతో గీసి, తెలుగును చివరిలో అనువాదంగా నింపినప్పుడు కింది వత్తు తెగిపోతుంది, లేదా పై వరుస కింది వరుసను తాకుతుంది. ఫాంటును చిన్నది చేస్తే వత్తు నలుసై చదవడానికి రాదు. వరుసల మధ్య ఖాళీ పెంచితే తెర మీద పట్టే విషయం తగ్గుతుంది. అందువలన తెలుగు తెరను పరీక్షించేటప్పుడు కమల, రమ వంటి సాదా మాటలు కాక ఇటువంటి జంట వత్తుల మాటలను వాడడం మేలు.