తాళం వేసిన పాఠం

మా ఇంజనీరింగు బృందం రాసే సాంకేతిక వ్యాసాల్ని కూడా ప్రోగ్రాములతోపాటే గిట్‌లో దాచుకుంటాం. ఎవరు రాసినా ముందు తమ సొంత ప్రతిలో రాసుకుని, చేసిన మార్పుల్ని అందరి ముందూ పెడతారు. మరొకరు చదివి సరేనన్నాకే అవి మూలప్రతిలో కలుస్తాయి. ఆమధ్య కొత్తగా చేరిన ఒక అమ్మాయి, "రెండు పేజీల వ్యాసానికి ఇంత తతంగం దేనికండీ?" అని అడిగింది. నాలుగు ముక్కల్లో చెప్పబోయి చెప్పలేకపోయాను. ఆ తతంగం వెనక యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఓ మూల నేను చేసిన తప్పూ ఒకటుంది.

కథ బెల్ ల్యాబ్స్‌లో మొదలయింది. అక్కడ మార్క్ రోచ్‌కైండ్ 1972లో ఎస్‌సీసీఎస్ అనే పనిముట్టును తయారుచేశాడు. అది ప్రతి కూర్పునూ విడివిడిగా దాచదు. అన్ని కూర్పుల వరుసల్నీ ఒకే ఫైలులో పడుగుపేకల్లా కలిపి, ఏ వరుస ఎప్పుడు చేరిందో, ఎప్పుడు పోయిందో గుర్తులు పెడుతుంది. పదేళ్ళ తరవాత, 1982లో, పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్‌ను రూపొందించి పద్ధతిని తిరగేశాడు. తాజా ప్రతి పూర్తిగా ఉంటుంది, పాతవాటికి వెనక్కి నడిపించే తేడాలు మాత్రమే ఉంటాయి. జనం ఎక్కువగా అడిగేది తాజా ప్రతినే కదా!

ఈ రెండింటిలోనూ ఆచారం ఒకటే: ఫైలు దిద్దదలచినవాడు దానికి తాళం వేసుకోవాలి. ఆ తాళం తీసేదాకా మిగతావారు చదువుకోవచ్చుగాని దిద్దకూడదు.

1998 సంక్రాంతికి మా సీనియర్ ఒకాయన వాడుకరుల మార్గదర్శినికి తాళం వేసి, ఆ సంగతి మరిచి ఊరెళ్ళిపోయారు. గడువు ముంచుకొస్తోంది. ఆర్‌సీఎస్‌లో ఇతరుల తాళాన్ని పగలగొట్టే వీలుంది. అయితే పగలగొట్టేవాణ్ణి అది కారణం అడుగుతుంది. అడిగి, ఆ కారణాన్ని తాళం వేసినవారికి మెయిలులో పంపుతుంది. మర్యాద తెలిసిన పనిముట్టు. నాకే అప్పట్లో ఆ మర్యాద తెలియదు. పరుషంగా ఒక వాక్యం రాశాను. అంతటితో ఆగక, దిద్దిన ప్రతిని చేర్చేటప్పుడు రాసే చిట్టాలోనూ "తాళం పెట్టి ఊరెళ్ళినవారి కోసం ఆగలేక దిద్దడమైనది" అని ఎక్కించాను. ఆయన సగం రాసిన మార్పులు ఆయన డైరెక్టరీలో అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చాక ఒక రోజంతా కూర్చుని రెండు ప్రతుల్నీ వరుస వరుసగా కలుపుకున్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు.

తాళమే వద్దన్నవాడు ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూనా. ఆయనా, ఇద్దరు విద్యార్థులూ కలిసి ఒక సీ కంపైలర్ మీద పనిచేస్తుండేవారు. ముగ్గురి వేళలూ కుదిరేవి కావు. అందుకని ఆర్‌సీఎస్ మీద కొన్ని షెల్ స్క్రిప్టులు అల్లి, 1986లో సీవీఎస్ అని లోకానికిచ్చాడు. అందులో ఎవరి ప్రతిలో వారు దిద్దుకుంటారు, తరవాత కలుపుతారు. ఇద్దరూ ఒకే చోట చెయ్యిపెట్టారా, అప్పుడే తగువు. ముందే అనుమానించి తాళం వెయ్యడం కన్నా, తగువొచ్చినప్పుడు తీర్చుకోవడం నయమన్నది ఇందులోని నమ్మకం.

తేడాలు కనిపెట్టే డిఫ్ అంతకు చాలా ముందే, 1974లో, యూనిక్స్‌తోపాటు వచ్చింది. డగ్లస్ మెక్‌ఇల్రాయ్ రాసిన ఆ ప్రోగ్రాము పోల్చేది వరుసల్ని. ఇక్కడే మన తెలుగు వ్యాసాలకు చిక్కు. మనం పేరా మొత్తాన్ని ఒకే వరుసగా టైపు చేస్తాం. ఒక్క ఒత్తు దిద్దినా పేరా అంతా మారినట్టు ఎర్రగా, పచ్చగా కనిపిస్తుంది. కంటికి కనిపించని నాన్‌జాయినర్ ఒకటి చేరినా అంతే. వాక్యానికో వరుస చొప్పున రాయమని బ్రయన్ కెర్నిహాన్ 1974లోనే యూనిక్స్ కొత్తవాళ్ళకు చెప్పాడు. మేమిప్పుడు అదే పాటిస్తున్నాం. ఇక ఫైలుకు 'తెలుగు' అని పేరు పెడితే గిట్ మామూలుగా దాన్ని పద్దెనిమిది అష్టాంశ సంఖ్యల దండగా చూపిస్తుంది, 340, 260, 244 అంటూ. సెట్టింగు మార్చుకోవాలి.

గిట్ పుట్టుకలో తగాదా కూడా ఉంది. లినక్స్ కెర్నెల్ బృందం 2002 నుంచి బిట్‌కీపర్ అనే వాణిజ్య పనిముట్టును ఉచితంగా వాడుకుంటుండేది. దాని సర్వరు భాషను ఆండ్రూ ట్రిడ్జెల్ ఛేదించబోయాడని, యజమాని లారీ మెక్‌వోయ్ 2005 ఏప్రిల్‌లో ఆ సౌకర్యాన్ని ఉపసంహరించాడు. ట్రిడ్జెల్ చేసిందల్లా టెల్నెట్‌తో ఆ సర్వరు తలుపు తట్టి 'హెల్ప్' అని టైపు చెయ్యడమేనని తరవాత ఒక సభలో అందరి ముందూ చేసి చూపించాడు. లినస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న గిట్ మొదలుపెట్టాడు. 7వ తేదీకల్లా గిట్ తన మార్పుల్ని తనలోనే దాచుకుంటోంది! జులైలో నిర్వహణను జునియో హమానోకు అప్పగించాడు.

గిట్‌లో ప్రతి మార్పుకూ నలభై అక్షరాంకెల పేరుంటుంది. అది ఆ మార్పులోని పాఠం, చిట్టా, అంతకు ముందటి మార్పు పేరు కలిపి లెక్కకట్టినది. పాత చిట్టాలో ఒక్క అక్షరం మార్చినా, ఆ తరవాతి పేర్లన్నీ మారిపోతాయి.

సబ్‌వర్షన్‌లో ఏ వరుస ఎవరిదో చెప్పడానికి 'బ్లేమ్' అనే ఆజ్ఞ ఉంది. దానికే 'ప్రెయిజ్' అని మారుపేరు. రెండూ చూపించేది ఒకటే. మన ఆలంకారికులు దీన్ని చూస్తే ఏమనేవారో! గిట్‌లో మాత్రం నింద ఒక్కటే మిగిలింది.

మా మార్గదర్శిని ఆర్‌సీఎస్ నుంచి సీవీఎస్‌కూ, అక్కణ్ణుంచి గిట్‌కూ చరిత్ర చెక్కుచెదరకుండా మారింది. ఆ అమ్మాయికి ఆజ్ఞలు చూపిస్తూ చిట్టాను అడుగుదాకా దింపాను. నా వాక్యం నా పేరుతోనే ఉంది. దాని మీద, నాలుగు రోజుల తరవాతి తేదీతో ఆయన చిట్టా: "పండగ బాగా జరిగింది. ఇద్దరి దిద్దుబాట్లూ కలిపాను."

ఆ అమ్మాయి రెండూ చదివి, "ఈయన ఇప్పుడెక్కడున్నారండీ?" అంది.